కొత్త యాప్ వెనక పాత లెడ్జర్: బ్యాంకుల బోర్డులకు, టెక్నాలజీ అధిపతులకు బహిరంగ లేఖ

బ్యాంకుల బోర్డు సభ్యులకు, మేనేజింగ్ డైరెక్టర్లకు, టెక్నాలజీ విభాగాల అధిపతులకు,

నమస్కారం.

నేను బ్యాంకు కోర్ సిస్టమ్ (ఖాతాల లెక్కలన్నీ నడిపే అసలు వ్యవస్థ) విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. పగటి లావాదేవీలను ఖాతాల్లోకి ఎక్కించే రాత్రి బ్యాచ్ సజావుగా ముగిసి తెల్లారేసరికి శాఖల్లో కంప్యూటర్లు తెరుచుకుంటాయో లేదో అని కాపలా కాసిన వాళ్లలో ఒకణ్ణి. ఈ లేఖలోని విషయాల్లో చాలావాటిని లోపల ఉన్నప్పుడే నోట్ రాసి పైకి పంపాను. ఈ ఏడాది బడ్జెట్‌లో చోటు లేదన్నారు. ఆ తర్వాత కొత్త యాప్ ఆవిష్కరణ ఉంది, ముందు అది కానివ్వండన్నారు. ఉద్యోగం వదిలాక ఖాతాదారుగా మళ్లీ అవే సంగతులు రాశాను. మీ సూచనను సంబంధిత విభాగానికి పంపించాం అని యంత్రం పంపే జవాబు ఒకటి వచ్చింది, ఆ తర్వాత ఎవరూ పలకలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు రాస్తున్నాను.

మీ కింద రాత్రింబవళ్లు పనిచేసే సిబ్బంది మీద నాకు గౌరవం ఉంది. కోట్లమంది కష్టార్జితాన్ని దశాబ్దాలుగా తేడా రాకుండా లెక్కగట్టడం చిన్న పని కాదు.

ఇక విషయానికి వస్తాను. పెద్ద టెక్ కంపెనీలు మీ ఖాతాదారులను పట్టుకుపోతున్నాయని ప్రతి వేదిక మీదా అంటున్నారు. దానికి మీరు చేస్తున్న వైద్యం మాత్రం ఇంకో కొత్త యాప్. రంగులు మారతాయి, బొమ్మలు మారతాయి, పేరు పెట్టి పలకరించే చాట్‌బాట్ వస్తుంది. దాని వెనక ఖాతా లెక్క రాసే వ్యవస్థ మాత్రం చాలా చోట్ల ముప్పై, నలభై ఏళ్ల నాటిదే. పునాది బీటలు వారిన ఇంటికి ముందు గోడకు సున్నం కొట్టినట్టుంది. గెలుపోటములు తేలేది ఆ లెక్కల పుస్తకం, అంటే లెడ్జర్ దగ్గర. అక్కడ మీరు వెనకబడిన ప్రతిసారీ నష్టపోతున్నది జీతం మీద బతికే మనిషి, పెన్షన్ కోసం ఎదురుచూసే మనిషి, రోజు వ్యాపారం చేసుకునే మనిషి. ఎలాగో వివరంగా చెబుతాను.

1. ఖాతా మీ దగ్గరే ఉంది, ఖాతాదారు చేజారుతున్నాడు

చైనాలో 2004లో అలీపే మొదలైనప్పుడు, ఆన్‌లైన్‌లో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య సరుకు చేరేదాకా డబ్బు ఆపి ఉంచే ఏర్పాటు మాత్రమే అది. 2013లో వాళ్లే యూయీబావ్ అనే నిధి తెచ్చి, వాలెట్‌లో మిగిలిన చిల్లరకు సైతం బ్యాంకు పొదుపు ఖాతా కంటే ఎక్కువ రాబడి చూపించారు. కెన్యాలో 2007లో ఎం-పెసా పెట్టింది ఒక టెలిఫోన్ కంపెనీ. బ్యాంకు గడప ఎక్కని లక్షలమందికి అదే బ్యాంకయింది. భారతదేశంలో 2016లో వచ్చిన యూపీఐ అయితే బ్యాంకులన్నింటినీ కలిపే ఉమ్మడి వ్యవస్థ. అయినా 2024 నాటికి దాని మీద జరిగే చెల్లింపుల్లో అయిదింట నాలుగు వంతులకు పైగా ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌ల నుంచే సాగుతున్నాయి. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020లోనే పరిమితి ప్రకటించింది. అమలు గడువును మాత్రం జరుపుకుంటూ వచ్చి 2026 చివరికి తెచ్చారు.

డబ్బు ఉన్నది మీ ఖాతాలో. ప్రతి చిన్న చెల్లింపు బరువూ మోసేది మీ సర్వర్. మనిషి రోజుకు పదిసార్లు తెరిచేది మాత్రం వాళ్ల యాప్. అతని సంతకం మీ దగ్గర ఉండిపోయింది, అతని అలవాటు వాళ్లకు దక్కింది.

దీనివల్ల మామూలు మనిషికి వచ్చిపడిన చిక్కు చూడండి. డబ్బు ఖాతాలోంచి పోయింది, అవతలివాడికి చేరలేదు. యాప్‌ను అడిగితే మీ బ్యాంకును అడగమంటుంది. బ్యాంకును అడిగితే యాప్‌లోనే ఫిర్యాదు పెట్టమంటుంది. ఇద్దరి మధ్యా తిరిగేది ఆ డబ్బు అవసరమైన మనిషి. తెర ఎవరిదైనా లెక్క మీది కాబట్టి, ఆ జవాబు చెప్పగలిగేది మీరొక్కరే. చెప్పలేకపోవడానికి కారణం తరువాతి అంశంలో ఉంది.

2. మీ రోజు ఇంకా రాత్రి బ్యాచ్‌తోనే ముగుస్తోంది

పాత బ్యాంకు ప్రోగ్రాములు రాసిన కోబాల్ అనే కంప్యూటర్ భాష 1959లో పుట్టింది. భాష పాతదన్నది నా అభ్యంతరం కాదు. చాలా పెద్ద బ్యాంకుల లెక్కలు ఇవాళ్టికీ దానిలోనే తప్పు లేకుండా నడుస్తున్నాయి. నా అభ్యంతరమల్లా దాని చుట్టూ అల్లుకుపోయిన పద్ధతి మీద. పగలంతా జరిగిన లావాదేవీలను పోగుచేసి, శాఖలు మూశాక ఒక వరసలో ఖాతాల్లోకి ఎక్కించి, వడ్డీ కట్టి, తెల్లారేలోగా పుస్తకాలు మూయడం ఆ పద్ధతి. బ్యాంకుకు తెరిచే వేళ, మూసే వేళ ఉన్న కాలానికి అది చక్కగా సరిపోయింది.

ఇప్పుడు డబ్బుకు వేళాపాళా లేదు. బ్రిటన్‌లో 2008 నుంచి, భారత్‌లో 2010 నుంచి, బ్రెజిల్‌లో 2020 నవంబరులో కేంద్ర బ్యాంకే తెచ్చిన పిక్స్ నుంచి సెకన్లలో చెల్లింపులు జరుగుతున్నాయి. ఆ వేగం అందుకోవడానికి చాలా బ్యాంకులు ఏం చేశాయో మీకు తెలుసు. అసలు లెడ్జర్ ముందు ఒక నీడ ఖాతా పెట్టాయి. ఫోన్‌లో కనిపించే నిల్వ ఆ నీడది. అసలు లెక్క రాత్రికి గానీ తేలదు. రెండింటికీ పొంతన కుదరకపోతే ఆ లావాదేవీ ఎక్కడ ఉందో శాఖలో కూర్చున్న ఉద్యోగికి తెలియదు, కాల్ సెంటర్‌లో మాట్లాడే అమ్మాయికి తెలియదు. 'ప్రాసెస్‌లో ఉంది సార్, మూడు పనిదినాలు ఆగండి' అనడం తప్ప వాళ్ల చేతిలో ఏమీ లేదు. తిట్లు మాత్రం వాళ్లే తింటారు.

ఈ బ్యాచ్ ఒక్క రాత్రి తప్పితే ఏమవుతుందో ప్రపంచం 2012 జూన్‌లో చూసింది. బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపులో బ్యాచ్‌లను వరసగా నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చబోయారు. కొత్తదానికీ పాతదానికీ పొసగలేదు. 65 లక్షలకు పైగా ఖాతాదారులు చిక్కుకుపోయారు. ఏటీఎంలలో సరైన నిల్వ కనిపించలేదు. ఇంటి అప్పు వాయిదాలు వేళకు కట్టలేకపోయారు. విదేశాలకు వెళ్లినవాళ్లు చేతిలో డబ్బు లేక నిలబడిపోయారు. కొన్ని సంస్థలు జీతాలు వేయలేకపోయాయి. గ్రూపులోని అల్‌స్టర్ బ్యాంకు ఖాతాదారుల బాధలు వారాల తరబడి సాగాయి. 2014లో బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. జరిమానా కట్టింది బ్యాంకు. వాయిదా తప్పిన మనిషి రాత్రంతా పడిన ఆందోళన ఏ ఖాతాలోనూ ఎక్కలేదు.

3. ఒక్క వారాంతంలో అంతా మార్చేద్దామనే తొందర ఇంకా ప్రమాదం

పాతదాన్ని వదిలించుకోవాలి అనగానే చాలా బోర్డులకు తోచేది ఇదే. సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక పెద్ద వెండర్, ఒక పెద్ద ఒప్పందం, ఒక ముహూర్తం. ఈ విషయంలో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు అనుభవాన్ని బోర్డు సభ్యులందరూ చదవాలని కోరుతున్నాను.

2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు తన 52 లక్షల ఖాతాదారుల లెక్కలను పాత యజమాని లాయిడ్స్ వ్యవస్థ నుంచి కొత్త యజమాని సబాడెల్ కట్టించిన వ్యవస్థకు ఒకేసారి మార్చింది. డేటా చేరింది, వ్యవస్థ మాత్రం నిలబడలేదు. 19 లక్షలమంది దాకా తమ ఖాతాలు తెరవలేకపోయారు. అన్నీ మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబరు అయింది. సుమారు ఏడాది కాలంలో రెండు లక్షల పాతికవేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఖాతాదారులకు 3.27 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించారు. 2022 డిసెంబరులో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. ముఖ్య కార్యనిర్వహణాధికారి 2018లోనే తప్పుకున్నారు. టెక్నాలజీ అధిపతికి 2023లో వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా వేశారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 2019లో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక. వ్యవస్థకు రెండు డేటా సెంటర్లు ఉంటే, బరువు తట్టుకుంటుందా అన్న పరీక్షలు ఒకదాని మీదే చేశారని అందులో తేలింది. గడువు ఒకసారి వాయిదా పడ్డాక, కొత్త గడువు ఎలా సాధ్యమవుతుందని బోర్డు గట్టిగా అడగలేదని కూడా రాశారు. ఇది ఇంజనీర్ల తెలివికి సంబంధించిన సంగతి కాదు. అడగవలసినవాళ్లు అడగకపోవడం. మీ బోర్డు గదుల్లో 'ఇది తట్టుకుంటుందని మీకెలా తెలుసు?' అని అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నారు? అడిగినవాడిని పని ఆలస్యం చేసేవాడిగా చూడకుండా ఉంటున్నారా?

దీనికి భిన్నమైన దారీ ఉంది. కామన్వెల్త్ బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా 2008లో తన కోర్ మార్చే పని ఎత్తుకుంది. 58 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు అవుతుందన్న ఖర్చు 100 కోట్లు దాటింది. అయిదేళ్ల దాకా పట్టింది. కానీ డిపాజిట్లు ఒక దశలో, అప్పులు మరో దశలో అంటూ విడతలుగా మార్చారు. ఆ తర్వాత అక్కడ నిల్వలు అప్పటికప్పుడే తేలడం మొదలైంది. ఖర్చు పెరిగిందని వెక్కిరించేవాళ్లు, ఖాతాదారులు నెలల తరబడి ఖాతా తెరవలేని పరిస్థితి రాలేదన్న సంగతిని కూడా లెక్కలో వేసుకోవాలి.

4. బహుమతులు రక్షణ కాదు

ఇది క్లుప్తంగా చెబుతాను. సింగపూర్‌లోని డీబీఎస్ ప్రపంచంలో అత్యుత్తమ డిజిటల్ బ్యాంకుగా గుర్తింపు పొందింది. 2023 అక్టోబరు 14న డేటా సెంటర్‌లో చల్లబరిచే వ్యవస్థ చెడింది. ప్రత్యామ్నాయ కేంద్రానికి మారబోతే నెట్‌వర్క్ అమరికలో ఉన్న లోపం వల్ల అదీ పూర్తిగా పనిచేయలేదు. ఆ రోజు అదే డేటా సెంటర్‌ను వాడే సిటీబ్యాంకుతో కలిపి సుమారు 25 లక్షల చెల్లింపులు, ఏటీఎం లావాదేవీలు ఆగిపోయాయి. అంతకుముందే ఆ ఏడాది పలుమార్లు అంతరాయాలు రావడంతో, అత్యవసరం కాని ఐటీ మార్పులన్నీ ఆరు నెలలు ఆపేయమని అక్కడి కేంద్ర బ్యాంకు ఆదేశించింది. సీఈఓ వేతనంలో కోత పడింది. భారత్‌లో రిజర్వు బ్యాంకు 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును కొత్త క్రెడిట్ కార్డులు, కొత్త డిజిటల్ సేవలు ఆపమంది. 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రాను ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దంది. పేరున్న బ్యాంకులే ఇవి. ప్రచారానికి తగ్గ వేగంతో లోపలి సామర్థ్యం పెరగకపోతే ఎవరికైనా ఇదే జరుగుతుంది.

5. క్లౌడ్‌లో పెట్టినంతమాత్రాన బాధ్యత గాలిలో కలవదు

పాత డేటా సెంటర్లు మూసి క్లౌడ్‌కు, అంటే వేరే కంపెనీ అద్దెకిచ్చే కంప్యూటర్లకు వెళ్లడం మంచిదే. పండగ రోజున, జీతాల రోజున రద్దీ పెరిగితే సామర్థ్యం అప్పటికప్పుడు పెంచుకోవచ్చు. అమెరికాలో క్యాపిటల్ వన్ 2020కల్లా తన సొంత డేటా సెంటర్లన్నీ మూసేసి క్లౌడ్‌కు మారింది. ఆ దారిలో ఉండగానే 2019లో బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్ అమరికలో ఒక తప్పు వల్ల దాదాపు 10.6 కోట్లమంది వివరాలు బయటపడ్డాయి. క్లౌడ్ కంపెనీ తన ఇల్లు భద్రంగానే ఉందంది. తాళం సరిగ్గా వేసుకోవలసింది బ్యాంకు. 2020లో 8 కోట్ల డాలర్ల జరిమానా బ్యాంకు మీదే పడింది.

ఇంకో సంగతి మీరు ఆలోచించాలి. మీరు పోటీ పడుతున్నామంటున్న పెద్ద టెక్ కంపెనీల్లో కొన్నే మీకు క్లౌడ్ అద్దెకిస్తున్నవి కూడా. ఒకే కంపెనీ మీద అన్ని బ్యాంకులూ ఆధారపడితే, అక్కడ ఒక పొరపాటు జరిగితే అన్ని కౌంటర్లూ ఒకేసారి మూతపడతాయి. ఐరోపా సమాఖ్య ఈ ముప్పు గుర్తించే 2025 జనవరి 17 నుంచి డిజిటల్ వ్యవస్థలు దెబ్బ తట్టుకునేందుకు పెట్టిన డోరా నిబంధనలు అమలులోకి తెచ్చి, బ్యాంకులకు సేవలందించే కీలక టెక్ సంస్థలను నేరుగా పర్యవేక్షణ కిందికి తీసుకొచ్చింది. మీ దేశంలో అలాంటి నిబంధన లేకపోయినా, అవసరమైతే వేరే చోటికి మారగలమా అన్న పరీక్ష మీరు మీకై పెట్టుకోవచ్చు.

6. తెలిసినవాళ్లు వెళ్లిపోతున్నారు

పాత వ్యవస్థలో రాసిపెట్టని నియమాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఏదో ఒక ఏడాది ఒక తరహా డిపాజిట్‌కు ఇచ్చిన ప్రత్యేక వడ్డీ, ఎప్పుడో రెండు బ్యాంకులు కలిసినప్పుడు చేసిన సర్దుబాటు, ఒక పన్ను మినహాయింపు. అవి కోడ్‌లోనే ఉంటాయి, లేదా ఇద్దరు ముగ్గురు సీనియర్ల బుర్రలో ఉంటాయి. వాళ్లు పదవీ విరమణ చేస్తున్నారు. వాళ్ల స్థానంలో మీరు పిలుస్తున్నది టెండర్‌లో అందరికంటే తక్కువ ధర కోట్ చేసిన వెండర్‌ను. ఆ వెండర్ మనుషులు ప్రాజెక్టు అయిపోగానే ఇంకో చోటికి వెళ్తారు. దీని ఫలితంగా అప్పు వడ్డీ లెక్కలో చిన్న మార్పు చేయాలన్నా నెలలు పడుతుంది. ఖాతాదారుకు న్యాయంగా రావలసిన రాయితీ సిస్టమ్‌లో ఇంకా పెట్టలేదన్న కారణంతో ఆగుతుంది. టెక్ కంపెనీల్లో అతి ముఖ్యమైన మనిషి ఇంజనీరు. మీ దగ్గర ఇంజనీరు ఇంకా 'సపోర్ట్ స్టాఫ్'.

7. వాళ్లకు లేనిది మీ దగ్గర ఉంది

టెక్ కంపెనీల చేతిలో పెట్టేస్తే అన్నీ బాగుపడతాయని నేననడం లేదు. ఫేస్‌బుక్ 2019లో లిబ్రా అనే డిజిటల్ నాణెం ప్రకటించి, పేరు మార్చి, 2022లో అమ్ముకుని వెళ్లిపోయింది. గూగుల్ 2020లో ప్రకటించిన ప్లెక్స్ బ్యాంకు ఖాతాలను జనానికి చేరకముందే మరుసటి ఏడాది ఆపేసింది. నచ్చకపోతే వాళ్లు ఒక ప్రకటన చేసి తప్పుకోగలరు. జనం డిపాజిట్లు పట్టుకుని మీరు అలా తప్పుకోలేరు, తప్పుకోకూడదు కూడా.

యాపిల్ కార్డు అనే క్రెడిట్ కార్డు విషయం చూడండి. ఖాతాదారులు లేవనెత్తిన వివాదాలను వేల సంఖ్యలో యాపిల్ తన భాగస్వామి బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్‌కు పంపనే లేదని, పంపినవాటిని గోల్డ్‌మన్ నియమాల ప్రకారం విచారించలేదని అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 అక్టోబరులో తేల్చింది. ఇద్దరి మీదా చర్య తీసుకుంది. తెర ఎంత అందంగా ఉన్నా, వెనక వివాదం పరిష్కరించే మనిషి లేకపోతే అంతే.

అంతకంటే బాధాకరమైనది సినాప్స్ కథ. డబ్బు సేవలందించే ఫిన్‌టెక్ యాప్‌లకూ బ్యాంకులకూ మధ్యలో నిలబడి ఎవరి డబ్బు ఎంతో లెక్క రాసిన మధ్యవర్తి సంస్థ అది. 2024 ఏప్రిల్‌లో దివాలా తీసింది. దాని పుస్తకాలకూ బ్యాంకుల పుస్తకాలకూ పొంతన కుదరలేదు. లక్షకు పైగా జనం నెలల తరబడి తమ పొదుపు ముట్టుకోలేకపోయారు. 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల మేర లెక్క తేలలేదని దివాలా ట్రస్టీ చెప్పారు. తమ డబ్బు బ్యాంకులోనే ఉందని వాళ్లు నమ్మారు. ఆ బ్యాంకులు ఒక్కో ఖాతాదారు లెక్కా తామే రాసుకుని ఉంటే, ప్రతి మనిషి పేరా ఎంత ఉందో అదే రోజు చెప్పగలిగేవి. మీ అసలు బలం ఎక్కడుందో, దాన్ని బయటి చేతికి అప్పగిస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

8. సెకన్లలో పోయే డబ్బుకు తెల్లారాక వచ్చే రిపోర్టు ఎందుకు పనికొస్తుంది?

మోసగాళ్లు మీ కంటే ముందే ఆధునికులయ్యారు. ఫోన్ చేసి భయపెట్టి, ఖాతా ఖాళీ చేయించి, ఆ డబ్బును నిమిషాల్లో నాలుగైదు ఖాతాల గుండా దాటిస్తున్నారు. మీ పాత వ్యవస్థలో అనుమానపు లావాదేవీల జాబితా రాత్రి బ్యాచ్ అయ్యాక గానీ తయారవదు. మరునాడు ఉదయం ఆ జాబితా చూసే అధికారికి మిగిలేది ఖాళీ ఖాతా. జీవితమంతా కూడబెట్టింది పోగొట్టుకున్న వృద్ధులతో 'మీరే ఓటీపీ చెప్పారు కదా' అని వాదించే దృశ్యం ఏ బ్యాంకుకూ గౌరవం కాదు.

బ్రిటన్‌లో బ్యాంకులు 2020 నుంచి డబ్బు పంపేముందు అవతలి ఖాతా పేరు సరిపోతుందో లేదో చూపిస్తున్నాయి. 2024 అక్టోబరు 7 నుంచి, ఇలా మోసపోయి పంపిన డబ్బును 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలన్న నియమం వచ్చింది. పంపిన బ్యాంకు సగం, మోసగాడికి ఖాతా ఇచ్చిన బ్యాంకు సగం భరించాలి. ఆ రెండో సగమే కీలకం. మోసగాడి ఖాతా తెరిచినవాళ్లకు నష్టం తగిలితేనే ఖాతా తెరిచేటప్పుడు జాగ్రత్త వస్తుంది.

ఇక నేను అడుగుతున్నవి.

1. కోర్ మార్పుకు కేటాయించే డబ్బును యాప్ బడ్జెట్ నుంచి వేరు చేయండి. అయిదారేళ్లకు సరిపడా ఒకేసారి ఆమోదించండి. మేనేజింగ్ డైరెక్టర్ మారినా, ఒక త్రైమాసికంలో లాభం తగ్గినా దాన్ని కోయకూడదని బోర్డు తీర్మానం చేయాలి. మీ తరువాత వచ్చేవాళ్లకు మంచిపేరు తెచ్చే పని ఇది, మీ హయాంలో ఫలితం కనపడకపోవచ్చు. అయినా చేయండి.

2. మార్పు విడతలుగా జరగాలి. ముందు కొత్తగా తెరిచే ఖాతాలు కొత్త లెడ్జర్‌లో తెరవండి. తర్వాత ఒక్కో రకం పాత ఖాతాలను తరలించండి. తరలించే ప్రతి విడతలోనూ పాత, కొత్త లెడ్జర్లు కొంతకాలం పక్కపక్కనే నడవాలి, రెండింటి లెక్కలూ రోజూ సరిచూడాలి, తేడా వస్తే వెనక్కి మళ్లే దారి తెరిచే ఉంచాలి. మొదలుపెట్టవచ్చా లేదా అన్న తీర్పు ప్రాజెక్టు మేనేజరుదీ వెండరుదీ కాకూడదు, నేరుగా బోర్డుకు జవాబుదారీగా ఉండే స్వతంత్ర బృందానిది కావాలి.

3. బోర్డులో కనీసం ఇద్దరు పెద్ద వ్యవస్థలు స్వయంగా కట్టి నడిపినవాళ్లు ఉండాలి. సలహాదారులతో సరిపెట్టుకోవద్దు.

4. సొంత ఇంజనీర్లను పెంచండి. శాఖా మేనేజరుకు ఉన్నట్టే ఇంజనీరుకూ జనరల్ మేనేజర్ దాకా ఎదిగే దారి ఉండాలి. పదవీ విరమణకు దగ్గరైన కోర్ సిస్టమ్ సీనియర్లను గౌరవ వేతనంతో అట్టిపెట్టి, ఒక్కొక్కరికి ఇద్దరు యువ ఇంజనీర్లను జతచేసి, కోడ్‌లో దాగిన నియమాలన్నీ రాయించండి. కొత్త వ్యవస్థ కొనేముందు చేయాల్సిన పని ఇదే. ఈ ఒక్కటీ రేపే మొదలుపెట్టవచ్చు, దీనికి టెండరు కూడా అక్కర్లేదు.

5. చెల్లింపు మధ్యలో ఆగితే ఖాతాదారు ఫిర్యాదు చేయకముందే డబ్బు వెనక్కి రావాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ పరిహారం దానంతటదే జమ కావాలి. భారత రిజర్వు బ్యాంకు 2019లో ఇలాంటి నియమం తెచ్చింది. గడువు దాటితే రోజుకు 100 రూపాయలు, అదీ ఖాతాదారు అడగనవసరం లేకుండా. ఇలాంటిది ప్రతి చోటా ఉండాలి, ఉన్నచోట నిజంగా అమలవుతోందో లేదో బ్యాంకులే లెక్కలు చూపాలి. మూడో కంపెనీ యాప్ ద్వారా వచ్చిన లావాదేవీ అయినా మొదటి జవాబు బ్యాంకుదే కావాలి. యాప్ కంపెనీతో మీ తగవు మీరు తరువాత తేల్చుకోండి.

6. ఎన్ని గంటలు సేవలు ఆగాయి, మీ వైపు సాంకేతిక కారణంతో ఎన్ని చెల్లింపులు విఫలమయ్యాయి, ఇరుక్కున్న డబ్బు తిరిగిరావడానికి సగటున ఎంతకాలం పట్టింది. ఈ మూడూ ప్రతి మూడు నెలలకోసారి లాభనష్టాల పట్టికతో పాటే ప్రకటించండి. అంతరాయం జరిగితే కారణమేమిటో వాడుకభాషలో రాసి అందరి ముందు పెట్టండి. 'సాంకేతిక సమస్య' అనే రెండు మాటల వెనక దాక్కోవద్దు.

7. పంపేముందు పేరు చూపడం, అలవాటు లేని పెద్ద మొత్తాన్ని కాసేపు ఆపి ఖాతాదారుతో మనిషే మాట్లాడటం, మోసగాడి ఖాతా ఉన్న బ్యాంకు సగం నష్టం భరించడం. ఈ మూడింటికీ చట్టం వచ్చేదాకా ఆగకుండా మీరే ఒప్పుకోండి.

8. ఐరోపాలో 2018 నుంచి ఖాతాదారు అనుమతిస్తే అతని ఖాతా వివరాలను బ్యాంకులు ఇతర సంస్థలకు ఇవ్వాలి. ఆ తలుపు చాలా చోట్ల తెరుచుకుంటోంది. దాన్ని గొణుగుతూ తెరవకండి. ఏ సంస్థకు ఏ వివరం ఇచ్చారో ఒకే చోట కనపడాలి, ఒక్క నొక్కుతో అనుమతి రద్దవ్వాలి. మీరు మాత్రం ఖాతాదారు ఖర్చుల వివరాలను ప్రకటనలకు అమ్ముకోబోమని రాతపూర్వకంగా చెప్పండి. ప్రకటనల మీద బతికే కంపెనీలు ఆ మాట ఇవ్వడం కష్టం. మీరు ఇవ్వగలరు.

9. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు, చదువు రానివాళ్లు కూడా మీ ఖాతాదారులే. ఆధునికీకరణ పేరిట శాఖలు, ఫోన్ సేవలు మూసేముందు ఆ ప్రాంతంలో వాటి మీద ఆధారపడినవాళ్లు ఎంతమందో లెక్క తీసి ప్రకటించండి. కొత్త లెడ్జర్ వల్ల ముందు బాగుపడాల్సింది శాఖలోని కౌంటర్. అక్కడి ఉద్యోగికి ఒకే తెర మీద ఖాతాదారు డబ్బు ఎక్కడుందో కనపడాలి.

ఈ తొమ్మిదింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి ఒప్పుకోరో, ఒప్పుకోనివాటికి కారణమేమిటో మీ తరువాతి వార్షిక సర్వసభ్య సమావేశం లోపు బహిరంగంగా చెప్పమని కోరుతున్నాను. జవాబు మీ బోర్డు అధ్యక్షుల సంతకంతో రావాలి, ప్రచార విభాగం నుంచి కాదు. అప్పటికీ జవాబు రాకపోతే ఇదే లేఖను నియంత్రణ సంస్థలకూ చట్టసభల ఆర్థిక కమిటీలకూ పంపుతాను. ఇవే ఇబ్బందులు పడిన ఖాతాదారులు, లోపల ఉండి ఇవే మాటలు చెప్పి విసిగిపోయిన ఉద్యోగులు తమ తమ బ్యాంకుల బోర్డులకు ఇవే ప్రశ్నలు రాతపూర్వకంగా పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పూర్వ బ్యాంకు టెక్నాలజీ ఉద్యోగి, ఇప్పుడు ఖాతాదారు